మూగవోయిన తీగ: 2004 బ్రాడ్‌బాండు విధానముపై ఒక విమర్శ

హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్టల నడుమ ముప్పది నలువది యేండ్ల క్రిందట కట్టిన ఇండ్లలో ముందుగది గోడకు అరచేతిలో ఇమిడెడు ప్లాస్టిక్కు డబ్బీ యొకటి నేటికిని కనిపించుచుండును. టెలిఫోను పనివారు దానిని రోజెట్ అందురు. ఇంటికి సున్నము వేసినప్పుడెల్ల దానిపై కూడ ఒక పూత పడి, అది గోడలో గోడగా కలిసిపోయినది. దాని నుండి వెడలిన సన్నని జంట తీగ కిటికీ చట్రము ప్రక్కగా బయటికి పోయి వీధి మొగనున్న డి.పి. పెట్టెను చేరును. అచ్చట భూగర్భ కేబులులో కలిసి, పిల్లరు, క్యాబినెట్ అను మజిలీలు దాటి, ఎక్స్‌ఛేంజిలోని పెద్ద చట్రమునకు అంటుకొనును. చేతి ఫోనులు వచ్చిన తరువాత కొందరు బిల్లు కట్టుట మానిరి. కొందరి యిండ్లలో పెద్దలు గతించగా ఆ ఫోనును పట్టించుకొనువారు లేకపోయిరి. మాట పోయినది, తీగ మిగిలినది.

ఇట్టి యింటికి బ్రాడ్‌బాండు కావలసివచ్చినదనుకొందము. 2020లో బడులు మూతపడి పాఠములు తెరమీదికి ఎక్కినప్పుడు ఎన్నో యిండ్లకు అది కావలసివచ్చినది. అమీర్‌పేటలో ఈ యవసరము ఇతర పేటలకంటె ముందే పుట్టినది. మైత్రీవనము చుట్టునున్న కంప్యూటరు శిక్షణ సంస్థలు, వానికై ఊళ్ళనుండి వచ్చిన యువకులుండు హాస్టళ్ళు అందుకు కారణము. “మా లైను డెడ్డు, బ్రాడ్‌బాండు వచ్చునా?” అను ప్రశ్నకు ఇన్నాళ్ళును రెండు సమాధానములే వినవచ్చుచుండెను. “ముందు ఫోను బ్రతికించుకొనుడు, బాకీ తీర్చి పేరు మార్పించుకొనుడు, బ్రాడ్‌బాండు మాట తరువాత” అనునది మొదటిది. “ఆ తీగ సంగతి మరువుడు, స్తంభము మీదినుండి క్రొత్త కేబులు లాగింతము” అనునది రెండవది. ఇవి పైకి పరస్పర విరుద్ధములు. కాని రెండింటి అడుగునను ఉన్న పొరపాటు ఒక్కటే. టెలిఫోను అను సేవయు, దానిని మోసెడు రాగి తీగయు ఒకే వస్తువని రెండును తలచుచున్నవి. ఇది సామాన్యుల పొరపాటు మాత్రమే అయినచో ఇంత చర్చ అక్కరలేదు. 2004లో వెలువడిన దేశపు బ్రాడ్‌బాండు విధానము కూడ దాదాపు ఇదే దృష్టితో వ్రాయబడినది.

మొదట “డెడ్డు” అను మాటను పరీక్షింతము. ఇది మూడు వేర్వేరు స్థితులకు వాడబడుచున్నది. బిల్లు కట్టనందున ఎక్స్‌ఛేంజి యంత్రము పిలుపులను ఆపివేయుట ఒకటి. అప్పుడును తీగలో విద్యుత్తు ఉండును. కనెక్షను శాశ్వతముగా రద్దుచేసి, ఆ జంటను యంత్రముతో కలుపు చిన్న ముక్క తీగను, అనగా జంపరును, ఎక్స్‌ఛేంజి చట్రమునుండి తీసివేయుట మరియొకటి; అప్పుడు తీగ చెక్కుచెదరదు, అటు కొసను పట్టుకొనువాడు మాత్రము లేడు. రోడ్డు త్రవ్వకములో కేబులు తెగుటయో, అతుకులలో నీరు చేరుటయో మూడవది. భౌతికశాస్త్రము ఒప్పుకొనెడు మరణము ఈ మూడవది యొక్కటే. తక్కిన రెండును ఖాతా పుస్తకములోని మరణములు.

వీనిని వేరుపరచుటకు పాఠశాల ప్రయోగశాలలోని మల్టీమీటరు చాలును. పనిచేయుచున్న టెలిఫోను తీగ కొనల మధ్య, రిసీవరు ఎత్తనప్పుడు, సుమారు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉండును. అది ఎక్స్‌ఛేంజిలోని బ్యాటరీలనుండి వచ్చునది. ఊరిలో కరెంటు పోయినను పాత ఫోను మ్రోగుచుండుటకు కారణమిదే. మీటరు ఆ యంకె ప్రాంతమున చూపుచుండగా ఫోను పలుకకున్నచో దోషము తీగది కాదు. సున్న చూపినచో జంపరు పోయినదో, తీగ తెగినదో ఇంకను తేలదు. అందుకు మరియొక కొలత కలదు. ప్రక్కప్రక్కనే సాగిపోవు రెండు తీగలు ఒక పొడవైన కండెన్సరు వంటివి. టెలిఫోను కేబులులోని జంటకు కిలోమీటరు ఒక్కింటికి సుమారు 50 నానోఫారడుల కెపాసిటన్సు ఉండును. ఇంటిలోని ఫోనును విప్పివేసి కొలిచినప్పుడు మీటరు 10 నానోఫారడులు చూపినచో తీగ 200 మీటర్లలోపుననే, అనగా ఇంచుమించు వీధి చివరనే, తెగినదన్నమాట. 100 చూపినచో కొస 2 కిలోమీటర్ల అవతల నున్నది; అది ఎక్స్‌ఛేంజియే కావచ్చును. కేబులులో తడి చేరినప్పుడు మాత్రము ఈ లెక్క నమ్మదగినది కాదు. విద్యార్థులు దీనిని చేసి చూడదలచినచో ఉపాధ్యాయుని సమక్షమున, తీగలో వోల్టేజి లేదని ముందు రూఢిచేసికొని చేయవలెను. ప్రాణమున్న తీగపై గంట మ్రోగు సమయమున 75 వోల్టుల దాక ఏకాంతర విద్యుత్తు వచ్చును, అది చేతికి చురుకు తగిలించును.

తీగ నిలిచియున్నదని తేలినదనుకొందము. దానిపై బ్రాడ్‌బాండు వచ్చుటకు టెలిఫోను ముందుగా బ్రతికియుండవలెనా? మనుష్యుని మాట అర్థమగుటకు సెకనుకు 300 మొదలు 3,400 వరకు గల పౌనఃపున్యములు చాలునని టెలిఫోను ఇంజనీర్లు నిర్ణయించి, తక్కినవానిని ఎక్స్‌ఛేంజిలో వడగట్టివేసిరి. క్లాడ్ షానన్ 1948లో ప్రకటించిన సూత్రము ప్రకారము ఒక మార్గమున సెకనుకు పంపగల బిట్ల గరిష్ఠసంఖ్య రెండింటిపై ఆధారపడును: ఆ మార్గమున పోగల పౌనఃపున్యముల విస్తృతి ఒకటి, సంకేతమునకును రొదకును గల నిష్పత్తి రెండవది. సంకేతము రొదకు 1,000 రెట్లున్నదనుకొన్నచో ఒక్కొక్క హెర్ట్జుకు సుమారు 10 బిట్లు లభించును. మాటకు విడిచిన విస్తృతి 3,100 హెర్ట్జులు. కావున సెకనుకు 31,000 బిట్లు. ఫోను నంబరు త్రిప్పి ఇంటర్నెట్టునకు పోయెడు పాత మోడెములు చాలకాలము ఈ యంకె దరిదాపులనే తచ్చాడుటకు హేతువిదే.

కాని ఈ ఇరుకు తీగలోనిది కాదు, వడపోతలోనిది. అదే జంటను ఎక్స్‌ఛేంజి వాకిటనే, వడపోతకు ముందే, పట్టుకొని వేరొక యంత్రమునకు కలిపినచో దాదాపు 11 లక్షల హెర్ట్జుల వరకు వాడుకొనవచ్చును. 1999లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము ప్రమాణీకరించిన ఏ.డి.ఎస్.ఎల్. పద్ధతి చేయునది ఇదియే. అది 1,104 కిలోహెర్ట్జులను 4.3125 కిలోహెర్ట్జుల చొప్పున 256 సన్నని పట్టీలుగా కోయును. అట్టడుగు పట్టీలు మాటకు వదలును. సుమారు 26 నుండి 138 కిలోహెర్ట్జుల వరకు ఇంటినుండి పోవు సమాచారమునకును, అంతకు పైవి ఇంటికి వచ్చు సమాచారమునకును కేటాయించును. ఏ పట్టీలో రొద యెక్కువగా నున్నదో దానిలో తక్కువ బిట్లు, శుభ్రమైనదానిలో ఎక్కువ బిట్లు పోయును. అరటితోటలో నీరు పెట్టువాడు మిట్టకు తక్కువ, పల్లమునకు ఎక్కువ వదలినట్లన్నమాట. 2003 నాటి ఏ.డి.ఎస్.ఎల్. 2+ పద్ధతి పట్టీలను 512కు పెంచి, దగ్గరి యిండ్లకు సెకనుకు 24 మెగాబిట్ల వరకు తెచ్చినది.

ఇందులో గమనింపదగినది ఏమనగా, అడుగు పట్టీలలో మాట ఉన్నను లేకున్నను పై పట్టీలకు నిమిత్తము లేదు. 48 వోల్టుల బ్యాటరీ లేకున్నను అవి పనిచేయును. అంతేకాదు, జంటలో ఒక తీగ తెగి ఫోను పూర్తిగా మూగవోయిన తరువాత కూడ బ్రాడ్‌బాండు కుంటుచు నడచిన సందర్భములు టెలిఫోను పనివారికి సుపరిచితములు. ఏకముఖ విద్యుత్తు తెగిన చోటును దాటలేదు. అధిక పౌనఃపున్య సంకేతమో, ప్రక్క తీగల కెపాసిటన్సును ఆసరాగా చేసికొని కొంత దాటిపోవును. కావున “ఫోను బ్రతికిన తరువాతనే బ్రాడ్‌బాండు” అనుట ప్రకృతి విధించిన నియమము కాదు.

అయినను తీగ పక్షమున అతిగా వాదించుట కూడ తగదు. ఏండ్ల తరబడి కరెంటు పారని తీగ క్షేమముగా నుండునని భావించుట పొరపాటు. పూతపోయక మెలివేసి కలిపిన అతుకులపై క్రమముగా తుప్పుపొర పేరుకొనును. అల్పమైన ఏకముఖ విద్యుత్తు నిరంతరము పారుచున్నచో ఆ పొర చీలిపోవుచు అతుకు బాగుండును. అందుకే కొన్ని దేశములలో మాట లేకుండ సమాచారమునకు మాత్రమే ఇచ్చిన తీగలపై కొద్ది మిల్లీఆంపియర్ల విద్యుత్తును కావలెననియే పంపుదురు. దూరము విషయము కూడ అట్టిదే. 0.5 మిల్లీమీటరు మందము గల రాగి జంట, పోవు తీగయు వచ్చు తీగయు కలిసి, కిలోమీటరుకు సుమారు 175 ఓముల నిరోధమిచ్చును. రాగి విశిష్ట నిరోధమును తీసికొని విద్యార్థులే ఈ లెక్క కట్టిచూడవచ్చును. అధిక పౌనఃపున్యములు దారిలో ఇంకను త్వరగా క్షీణించును. ఎక్స్‌ఛేంజికి కిలోమీటరు దూరమున నున్న యింటికిని, నాలుగు కిలోమీటర్ల దూరమున నున్న యింటికిని ఒకే వేగమును వాగ్దానము చేయుట ఎవరికిని చెల్లదు.

ఇక విధానపత్రము. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వమునకు కొన్ని సిఫారసులు చేసినది. ఇండ్లకు పోవు రాగి తీగలను ఇతర సంస్థలకు కూడ నిర్ణీత రుసుముపై తెరువవలెననునది వానిలో ముఖ్యమైనది. ఇంటినుండి ఎక్స్‌ఛేంజి వరకు గల తీగను టెలిఫోను సేవనుండి విడదీయుట అనగా ఇదియే. అదే సంవత్సరము అక్టోబరు 14న ప్రభుత్వము బ్రాడ్‌బాండు విధానమును ప్రకటించినది. సెకనుకు 256 కిలోబిట్లు, ఎల్లప్పుడు తెరచియుండెడు సంధానము బ్రాడ్‌బాండని అది నిర్వచించినది. రాగి తీగకు అది గొప్ప ప్రాధాన్యమిచ్చినది. కాని ఆ తీగను ఇతరులకు ఇచ్చి తీరవలెనని విధింపక, పరస్పర అంగీకారముతో వ్యాపార ఒప్పందములు చేసికొనవచ్చునని మాత్రము చెప్పి ఊరకున్నది. ఉన్న తీగ ఎవరిదో వారి యిష్టమునకే విడువబడినది. 2005 ఆరంభమున ప్రభుత్వరంగ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. సేవ మొదలైనప్పుడు బ్రాడ్‌బాండు టెలిఫోను ఖాతాకు అనుబంధముగా వచ్చినది. ఖాతా లేని తీగ విధానపత్రపు దృష్టిలో లేనే లేదు.

ఈ విధానపు వాక్యములు చక్కనివే. దూరవిద్య, దూరవైద్యము, ఇంటింటికి సమాచారము అన్నియు అందులో కలవు. కాని సాంకేతిక విషయమున అది చూపిన జాగ్రత్త యాజమాన్య విషయమున చూపలేదు. ఆప్టికల్ ఫైబరు, రాగి, కేబులు టెలివిజను, ఉపగ్రహము, వైర్‌లెస్ అని మార్గములన్నింటిని పేర్కొన్న పత్రము, వానిలో ఒక్క రాగి తీగయే అప్పటికే కోట్ల యిండ్లలోనికి పోయి కూర్చున్నదను సంగతికి తగిన ఫలితార్థమును తీయలేదు. 2010 చివరకు 2 కోట్ల బ్రాడ్‌బాండు కనెక్షనులు లక్ష్యముగా పెట్టుకొనగా, ఆ గడువు నాటికి వచ్చినవి సుమారు 1 కోటి 10 లక్షలు. అదే కాలమున ఇండ్లలో ఫోనులు తగ్గుచు వచ్చినవి. ఒకప్పుడు 4 కోట్లకు పైబడిన తీగ టెలిఫోనులు 2020 నాటికి 2 కోట్ల ప్రాంతమునకు దిగినవి. విడిచిపెట్టిన ప్రతి ఫోను వెనుకను ఒక జంట రాగి తీగ భూమిలో ఖాళీగా పడియున్నది.

ఇతర దేశములు వేరొక దారి పట్టినవి. అమెరికా 1996 నాటి టెలికాం చట్టముతో తీగను విడదీయుమని శాసించినది. యూరోపియన్ యూనియన్ 2000 డిసెంబరులో అట్టి నిబంధననే చేసినది. ఫ్రాన్సులో దీనికి రెండు అంచెలు ఏర్పడినవి: మాట పాత సంస్థదిగానే ఉంచి పై పౌనఃపున్యములను మాత్రము క్రొత్త సంస్థకు ఇచ్చుట ఒకటి, మొత్తము జంటను అప్పగించుట రెండవది. ఈ రెండవ పద్ధతిలో, ఫోను లేని తీగపై బ్రాడ్‌బాండు అనునది సాధారణ వస్తువైనది. పంజాగుట్ట గృహస్థు అడిగిన ప్రశ్న అక్కడ తలెత్తవలసిన పనియే లేదు.

ప్రభుత్వము పక్షమున కూడ చెప్పవలసినది కలదు. తీగలు పరచినది ప్రజల సొమ్ముతో ప్రభుత్వశాఖ. లాభము లేని పల్లెలకు కూడ తీసికొనిపోయినది అదియే. నగరములోని లాభసాటి వీధులను ఇతరులు ఏరుకొనిపోయినచో పల్లెల నష్టము ఎవరు భరింతురను ప్రశ్న న్యాయమైనది. సాంకేతికముగా కూడ ఒక చిక్కు కలదు. ఒకే కేబులులో వందల జంటలు పెనవేసికొనియుండును. ఒకదాని సంకేతము ప్రక్కదానిలోనికి కొంత ఒలుకును. నలుగురు సంస్థలవారు తమ తమ యంత్రములను ఇష్టము వచ్చిన బలముతో నడపినచో అందరి వేగమును పడిపోవును. కాని ఈ రెండింటికిని మందులు కలవు. మొదటిదానికి తగిన అద్దె, రెండవదానికి ఎవరెంత శక్తితో పంపవలెనను నియమము. మందులున్న రోగమును చూపి వైద్యమునే మానుట సబబు కాదు. పైగా ఆ తీగ ప్రజల సొమ్మే అయినచో అది ఖాళీగా పడియుండుట కూడ ప్రజల నష్టమే కదా!

క్రింద తీగ ఖాళీగా నుండగా పైన ఆకాశము నిండినది. అమీర్‌పేట వీధులలో తల యెత్తి చూచినచో ఈ విధానపు మరియొక ముఖము కనబడుచుండెను. కేబులు టెలివిజనువారి తీగలు, ఇంటర్నెట్టు సంస్థల తీగలు, వాడుక మానివేసి ఎవరును విప్పని తీగలు విద్యుత్తు స్తంభములకు ఊడలవలె వ్రేలాడుచుండెను. ఆ తీగలు చేసిన మేలును కాదనలేము. హైదరాబాదులో ఆక్ట్ ఫైబర్‌నెట్ సంస్థ 2017లోనే సెకనుకు 1 గిగాబిట్ వేగమును ఇండ్లకు ఇచ్చినది. అయితే దాని మూల్యము వేరు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు సోకి 5గురు మరణించిరి. తరువాత విద్యుత్తు పంపిణీ సంస్థ నగరమంతట స్తంభములపైనున్న కేబుళ్ళను కోసివేయ మొదలుపెట్టగా, అనేక పేటలలో ఇంటర్నెట్టు నిలిచిపోయి, వ్యవహారము రాష్ట్ర హైకోర్టుకు ఎక్కినది. దీనికంతటికి ఒక విధానపత్రమే కారణమనుట అన్యాయము. ఇంటివరకు పోయిన తీగ ఒకటి యుండగా సంస్థకొక క్రొత్త తీగ వ్రేలాడదీయుట తప్పని పరిస్థితిని అది మార్చుటకు పూనుకొనలేదని మాత్రము చెప్పవచ్చును.

నేడు ఆ పాత రాగిని బ్రతికించుటకు పూనుకొనుట చాలవరకు వ్యర్థము. బ్రాడ్‌బాండు నిర్వచనమే 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగినది. ఇప్పుడు ఇండ్లకు వచ్చుచున్నది గాజు పోగు. సాధారణముగా వాడుకలో నున్న పద్ధతిలో ఒక్క పోగుపై సెకనుకు 2.5 గిగాబిట్ల సమాచారము వచ్చును. దానిని కాంతి విభాజకముతో 32 లేక 64 యిండ్లకు పంచుదురు. వచ్చునది 1,490 నానోమీటర్ల కాంతిపై, పోవునది 1,310 నానోమీటర్ల కాంతిపై నడచును గనుక ఒకే పోగులో రెండును ఢీకొనవు. రాగి తీగవలె ఇది విద్యుత్తును మోయదు. కావున ఇంటిలో కరెంటు పోయినచో, బ్యాటరీ పెట్టుకొననివారికి ఇంటర్నెట్టుతోపాటు ఫోనును పోవును. ఈ విషయము కనెక్షను తీసికొనునప్పుడు వృద్ధులున్న యింటివారికి ఎవరైన చెప్పుట మంచిది.

అయితే 2004 నాటి ప్రశ్న గాజులోనికి కూడ ప్రాకినది. అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరి పెట్టెనుండి ఇంటి గుమ్మము వరకు పరచిన పోగు ఎవరిది? ఒక సంస్థ పరచినచో దానిని మానుకొన్న కాపురస్థుడు మరియొక సంస్థను పిలిచినప్పుడు ఆ పోగు మరల “డెడ్డు” అగును. క్రొత్తవారు మరల గోడకు రంధ్రము చేయుదురు. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము ఉమ్మడి నాళములను గూర్చి చెప్పుచు వానిని సంస్థలన్నింటికి తెరచియుంచవలెననినది. 2024 అక్టోబరులో ట్రాయ్ భవనములకు అంతర్జాల సదుపాయమును బట్టి నక్షత్రములిచ్చు నిబంధనలు చేసినది. ఇరువది యేండ్ల క్రిందటి పత్రముకంటె ఇది మెరుగే. కాని నక్షత్రములు కోరి దరఖాస్తు పెట్టుకొన్న భవనములకే వచ్చును. పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలోని పాత మూడంతస్తుల యిల్లు దరఖాస్తు పెట్టునని ఎవరును అనుకొనరు.

ఆ పాత యింటిలో గోడ లోపలి గొట్టము గుండా రాగి తీగ వేసియున్నచో దానికి ఇంకొక ఉపయోగము మిగిలియున్నది. పనివాడు రోజెట్ విప్పి, రాగి జంట కొసకు గాజు పోగును గట్టిగా అంటించి, అవతలి కొసనుండి మెల్లగా లాగినచో, రాగి బయటికి వచ్చుచుండగా దాని వెంట పోగు లోనికి పోవును. గోడకు క్రొత్త రంధ్రము అక్కరలేదు. గొట్టములో మలుపు లెక్కువగానున్నచో కొంచెము టాల్కం పౌడరు రాచిన చాలును. పోగును మాత్రము బొటనవ్రేలి కంటె సన్నని చుట్టగా వంపరాదు, వంచినచో కాంతి వంపు దగ్గరనే బయటికి కారిపోవును.